మీట నొక్కువాని చదువు

తెలుగు శాఖకు చెందిన మేము విద్యుత్తును గూర్చి వ్రాయబూనుట చూచి భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు వారికి హక్కున్నది. కాని కళాశాలకు నెలనెలా వచ్చు కరెంటు బిల్లు ఒక్క వారి శాఖ పేరిట రాదు. అది మన అందరి పేరిట వచ్చును. విద్యార్థుల ఫీజులలో నుండియు దాతల విరాళములలో నుండియు చెల్లింపబడును. ఆ కాగితమును చదువగలవారు మనలో ఎందరున్నారని మేము విచారించితిమి. మొత్తము ఎంత కట్టవలెనో, గడువు తేదీ ఏదో చెప్పగలవారు కనబడిరి. తక్కిన పంక్తులలో ఏమున్నదో చెప్పగలవారు అరుదుగా కనబడిరి. చదువు చెప్పు చోట చదువబడని కాగితమొకటి ప్రతి నెల ఫైలులో చేరుచున్నదన్నమాట.

మొదట మాటల సంగతి. అది మా శాఖ పని గనుక దానిని విడువలేము. ఆంగ్లములోని 'ఎనర్జీ'ని మన ప్రభుత్వ పత్రములలో 'ఇంధనము' అని వ్రాయుచున్నారు. ఇంధనమనగా కాల్చునది: కట్టె, బొగ్గు, కిరసనాయిలు. తీగలో పారు విద్యుత్తు ఇంధనము కాదు; ఇంధనమును కాల్చగా పుట్టిన శక్తి అది. నీటివలన, గాలివలన, ఎండవలన కూడ పుట్టును. 'శక్తి నిర్వహణ' అన్నచో వ్యాయామశాల తలపునకు వచ్చును గనుక పాపము అనువాదకులు ఇంధనమును ఆశ్రయించియుందురు. ఇక 'ఆడిట్' అనుటకు మనకు 'తనిఖీ' అను మాట కలదు. ఇది ఉర్దూ ద్వారమున వచ్చినది. అరబీ మూలమున దానికి ఏరి శుభ్రపరచుట, సవరించుట అను అర్థమున్నది. తెలుగున మాత్రము తనిఖీ యనగానే గుమాస్తాలు ఫైళ్ళు సర్దుకొనుట మొదలిడుదురు. పేరులోనే భయమున్న పనికి ఎవరును సంతోషముతో తలుపు తీయరు. 'కరెంటు లెక్క చూచుట' అనిన చాలును. అయినను 'ఎనర్జీ మేనేజరు', 'ఎనర్జీ ఆడిటరు' అనునవి చట్టములో వాడిన పేర్లగుటచే వానిని ఈ వ్యాసమున యథాతథముగా వాడుచున్నాము.

1973 నాటి చమురు సంక్షోభము తరువాత పొదుపు అను మాట మన దేశమున ప్రభుత్వ భాషలో బలముగా చేరినది. 1978లో పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చి అసోసియేషన్ ఏర్పడినది. అయినను పొదుపు చాలకాలము గోడపత్రికలలోనే నిలిచినది. దానికి నిండు చట్టరూపము 2001లో ఇంధన పరిరక్షణ చట్టముతో వచ్చినది. 2002 మార్చి 1వ తేదీన ఆ చట్టము అమలులోనికి రాగా, దానిని నడుపుటకు కేంద్రమున బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నెలకొన్నది. విద్యుత్తును, బొగ్గును అధికముగా వాడు పరిశ్రమల పట్టిక ఒకటి ఆ చట్టమునకు అనుబంధముగా నున్నది. సిమెంటు, ఎరువులు, ఉక్కు, చక్కెర, వస్త్రములు, కాగితము, రైల్వేలు, ఇట్లు సాగిన ఆ పట్టిక చివర 'వాణిజ్య భవనములు' అను మాట కూడ చేరినది. ప్రభుత్వము పేర్కొన్న పెద్ద వినియోగదారులు అర్హతగల ఎనర్జీ మేనేజరును నియమించుకొనవలెననియు, గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటరుచే లెక్క చూపించుకొనవలెననియు చట్టము చెప్పినది.

వాణిజ్య భవనమనగా మొదట 500 కిలోవాట్ల లోడు గలది. 2010 సవరణ దీనిని 100 కిలోవాట్లకు, లేక 120 కె.వి.ఏ. ఒప్పంద డిమాండునకు దించినది. నూరు కిలోవాట్లనగా ఎంతయని విద్యార్థు లడుగవచ్చును. ఒకటిన్నర టన్నుల ఏ.సి. యంత్రము సుమారు ఒకటిన్నర కిలోవాట్లు తీసికొనును. అట్టివి అరువది యెనుబది రెండంతస్తులలో అమర్చి, ఒక లిఫ్టును, నీటి పంపును చేర్చినచో ఆ మాత్రపు లోడగును. అనగా మన నగరములలోని ఒక మోస్తరు ఆసుపత్రి, పెద్ద పెళ్ళిమంటపము, బట్టల దుకాణము, ప్రయోగశాలలు గల కళాశాల ఈ గీత దగ్గరకు వచ్చుచున్నవి. ఈ చట్టము ఎక్కడో కర్మాగారముల కొఱకని మన మనుకొనుట తగదు.

క్రొత్తగా కట్టు భవనములకు 2007లో ఒక నియమావళి వచ్చినది; ఇంజనీర్లు దానిని ఈ.సి.బి.సి. అందురు. గోడ ఎంత వేడిని ఆపవలెను, కప్పు ఎట్లుండవలెను, కిటికీ అద్దము ఎంత యెండను లోనికి రానీయవచ్చును, దీపములకు చదరపు మీటరునకు ఎన్ని వాట్లు మించరాదు అను సంగతు లన్నియు అందులో నున్నవి. దానిని ప్రతి రాష్ట్రమును తన వాతావరణమునకు తగినట్లు దిద్దుకొని స్వీకరింపవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014 జనవరిలో దానిని స్వీకరించినది. అదే సంవత్సరము జూన్‌లో రాష్ట్రము రెండైనది. 2017లో నియమావళిని పెంచి మూడు మెట్లుగా తీర్చిరి. మొదటి మెట్టు సాధారణ భవనముకంటె సుమారు 25 శాతము, రెండవది 35 శాతము, మూడవది 50 శాతమునకు పైగా ఆదా చేయునది. 2022 సవరణ నివాస భవనములను కూడ ఈ పరిధిలోనికి తెచ్చుటకు దారి తెరచినది. చట్టము తన పని చేయలేదని మే మనము.

మా ఫిర్యాదు వేరు. ఈ ఇరువది సంవత్సరములలో భవనమును గూర్చి వ్రాసినారు, యంత్రమును గూర్చి వ్రాసినారు, యంత్రముపై నక్షత్రములు అంటించినారు. ఆ యంత్రము ముందు నిలుచు మనిషిని గూర్చి వ్రాసినది స్వల్పము. ఎనర్జీ మేనేజరగుటకు జాతీయ పరీక్షలో మూడు పత్రములు, ఆడిటరగుటకు నాలుగు పత్రములు ఉత్తీర్ణము కావలెను. మొదటిది సామాన్య విషయములు, రెండవది బాయిలర్లు మొదలగు వేడి యంత్రములు, మూడవది మోటార్లు, పంపులు, దీపములు మొదలగు విద్యుత్ యంత్రములు, నాలుగవది ఆ యంత్రముల పనితీరును కొలుచు విధానము. ప్రధానముగా ఇంజనీరింగు పట్టమో డిప్లొమాయో, ఆపై కొన్ని సంవత్సరముల అనుభవమో కలవారికి ఆ పరీక్ష ఉద్దేశింపబడినది. పాఠ్యగ్రంథములు నాలుగు సంపుటములు; మేము చూచినవి ఆంగ్లములోనివి. గ్రంథములు మంచివి. అర్థము కాని చోట్ల మిత్రుల నడిగి కొన్ని పుటలు మేమే చదివితిమి. తెలుగు ఎం.ఏ. వానికే ఇంత అర్థమైనప్పుడు, తెలుగులో చెప్పినచో ఒక ఎలక్ట్రీషియనుకు ఎంత అర్థము కాదు?

ఎందుకనగా నష్టమెల్లయు జరుగు చోటు ఆ ఎలక్ట్రీషియను చేతి దగ్గర. మే నెలలో పనిమీద మేము ఒక కార్యాలయమునకు పోయితిమి. బయట కాకులు నీడ వెదకుచున్నవి; లోన గుమాస్తాలు శాలువలు కప్పుకొని యున్నారు. ఏ.సి. 18 డిగ్రీల మీద నున్నది. చలికి ఓర్వలేక ఒకాయన తన ప్రక్క కిటికీ ఓరగా తెరచినాడు. చల్లని గాలి వెలుపలికి పోవుచు, యంత్రము మరింత గింజుకొనుచున్నది. డిగ్రీ పెంచరాదా యని అడిగితిమి. రిమోటు మేనేజరుగారి సొరుగులో నున్నదట. ఒక్కొక్క డిగ్రీ పెంచిన కొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని బ్యూరో వారు చెప్పుదురు. 2020 జనవరి నుండి నక్షత్ర చిహ్నము గల గది ఏ.సి.లన్నియు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు అమర్పవలెనని నియమము చేసిరి. నియమము యంత్రములోనికి పోయినది. సొరుగు తాళపుచెవిని ఏ నియమమును చేరలేదు.

పెద్ద భవనములలో ఇంకను సూక్ష్మమైన నష్టములు కలవు. నీటిని చల్లబరచు చిల్లరు యంత్రము గొట్టములలో పాచి, సున్నము పేరుకొనును. అవి పేరుకొన్న కొలది అంతే చల్లదనమునకు అధిక విద్యుత్తు పట్టును. ఎవరికిని తెలియదు, ఏలయన గది చల్లగానే యుండును. గాలి త్రోయు పెద్ద పంకాలకు ఒక విచిత్రమైన లక్షణము కలదు: వేగమును నూటికి ఎనుబది పాళ్ళకు తగ్గించినచో అవి వాడు విద్యుత్తు సుమారు సగమునకు దిగును. వేగము యొక్క ఘనమును బట్టి శక్తి మారుట దీనికి కారణము. ఇట్లు వేగము తగ్గించు పరికరమును చాలచోట్ల కొని అమర్చిరి గాని, గాలి చాలలేదని ఎవరో ఒకరోజు అన్నందున దానిని పూర్తి వేగమున నుంచి మరచిరి. చుట్టు తిరుగు నీటిపంపులకును ఈ సూత్రము చాలవరకు చెల్లును. మేడమీది తొట్టికి నీరెక్కించు పంపునకు యథాతథముగా చెల్లదు, అక్కడ ఎత్తు అడ్డువచ్చును. ఈ భేదము తెలియక అన్ని పంపులకును పరికరములు అమ్మజూపు వ్యాపారులు కూడ లేకపోలేదు. తెలిసినవాడు ఒకడు భవనములో నుండిన ఆ బేరము అక్కడనే ఆగును.

కాలిన మోటారునకు తీగ తిరిగి చుట్టించుట మనవారి అలవాటు. అందు తప్పు లేదు; పేదదేశమున బాగుచేయించుకొనుట ఒక విద్య. కాని నాసిరకపు తీగతో, అజాగ్రత్తగా రెండు మూడు మార్లు చుట్టించిన మోటారు ప్రతి మారును కొంత సామర్థ్యమును కోల్పోవును. అది సంవత్సరమంతయు తిరుగునదైనచో మిగిలిన చుట్టుడు కూలికంటె బిల్లులో పోవునది హెచ్చు. ఈ లెక్క వేయుటకు పట్టము అక్కరలేదు. పదవ తరగతి గణితము చాలును. వేయవలెనని ఎవరైన చెప్పవలెను.

ఇక బిల్లు సంగతి. మనవంటి సంస్థల బిల్లులో యూనిట్ల ఖర్చు ఒక భాగము మాత్రమే. డిమాండు చార్జీ యని మరొకటి కలదు. మీటరు పావుగంటకో అర్ధగంటకో సగటు చూచి, నెలలో మిక్కిలి హెచ్చు లాగిన క్షణమును గుర్తుంచుకొనును. ఆ గరిష్ఠ డిమాండునకు గాని, మనము ఒప్పుకొన్న డిమాండులో నిర్ణీత భాగమునకు గాని, ఏది హెచ్చయిన దానికి వెల కట్టవలెను. ఇందువలన రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి: ఉదయము పది గంటలకు గంట కొట్టగానే ప్రయోగశాల, కంప్యూటరు గది, నీటి పంపు, ఆఫీసు ఏ.సి.లు ఒక్కమారుగా మొదలయినచో ఆ పావుగంట మన నెల ఖర్చును నిర్ణయించును. పంపును ఎనిమిది గంటలకే వేసినచో ఒక్క పైసా వ్యయము లేకుండ డిమాండు తగ్గును. రెండు: ఎప్పుడో దూరాలోచనతో 150 కె.వి.ఏ.కు ఒప్పందము చేసికొని, వాస్తవమున 70 దాటని సంస్థలు వాడని దానికి నెలనెలా కట్టుచుండును. ఒప్పందమును తగ్గింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. పెట్టవలెనన్న మొదట ఆ పంక్తిని చదువవలెను గదా.

పవర్ ఫ్యాక్టరు అను మరొక పంక్తి కలదు. కాడికి కట్టిన ఎద్దు పక్కకు లాగినచో శ్రమయంతయు పడును, బండి మాత్రము ఆ శ్రమకు తగినంత కదలదు. మోటార్లు, పాతకాలపు చోకులు విద్యుత్తును ఇట్లు కొంత పక్కకు లాగును. 80 కిలోవాట్ల పనికి పవర్ ఫ్యాక్టరు 0.8 ఉన్నచో 100 కె.వి.ఏ. తీసికొనవలసివచ్చును, 0.98 ఉన్నచో సుమారు 82 చాలును. దీనిని సరిచేయునది కెపాసిటరు పెట్టె. అది చాల భవనములలో ఉన్నది. ఉన్నదన్న మాటయేగాని, అందులోని కెపాసిటర్లలో ఎన్ని పనిచేయుచున్నవో ఏటికొకమారైన చూచువారు కొందరే.

పంకాల లెక్కను విద్యార్థులు తామే వేసి చూడవచ్చును. మామూలు పంకా సుమారు 75 వాట్లు వాడును. బి.ఎల్.డి.సి. మోటారు గలది 30 వాట్ల ప్రాంతమున వాడును. రెండువందల పంకాలు, రోజునకు ఆరు గంటలు, ఏటికి రెండువందల పనిదినములు అనుకొన్నచో ఏటికి 10,800 యూనిట్లు మిగులును. యూనిటు 8 రూపాయలని పెట్టుకొన్నను 86,400 రూపాయలు. అది ఎందరు బీద విద్యార్థుల ఫీజో లెక్కకట్టు భారమును కమిటీ పెద్దలకు విడుచుచున్నాము. పంకాలన్నియు నేడే మార్చుమని మా వాదము కాదు. చెడిపోయినదాని స్థానమున కొనునప్పుడైన పెట్టెమీది వాట్ల అంకెను చూడవలెను. ధరను మాత్రమే చూచి టెండరు ఖాయము చేయు అలవాటు మనకున్నంత కాలము చవుకపంకా ఖరీదైన పంకాయే.

2011 జూన్‌లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్.ఓ. 50001 అను ప్రమాణమును వెలువరించినది, 2018లో సవరించినది. దీనిని గూర్చి మన వ్యాపారులలో ఒక భ్రమ కలదు, అది ఏదో ఇన్ని యూనిట్లకు మించరాదని చెప్పు శాసనమని. అట్టి అంకె యొక్కటియు అందులో లేదు. మీ సంస్థలో శక్తి ఎక్కడెక్కడ ఎంత పోవుచున్నదో చూచుకొనుడు, అందులో ముఖ్యమైన చోట్లను గుర్తింపుడు, ఒక సంవత్సరపు వాడకమును ఆధారముగా పెట్టుకొనుడు, తరువాతి సంవత్సరములను దానితో పోల్చుడు, మెరుగుపడుచుండుడు, ఇంతియే దాని సారము. మాకు నచ్చినది వేరొకటి. యజమాన్యము స్వయముగ బాధ్యత వహింపవలెనని అది మొదటనే చెప్పును; ఆపై, శక్తి వాడకమును ప్రభావితము చేయు పనిలో నున్న ప్రతివాడును ఆ పనికి తగిన చదువో శిక్షణయో అనుభవమో కలవాడై యుండవలెననును. ప్రతివాడు అనగా మేనేజరు ఒక్కడు కాడు. బాయిలరు వద్ద నిలుచువాడు, పంపు వేయువాడు, రాత్రి దీపములు ఆర్పవలసిన కావలివాడు కూడ. ఈ యొక్క వాక్యమును మన దేశమున నిజముగ పాటించినచో తక్కిన పుటలు చాలవరకు వానియంతట అవి నెరవేరును. చాలచోట్ల జరుగుచున్నది దీనికి విరుద్ధము. సలహాదారు వచ్చును, దస్త్రములు సిద్ధమగును, సర్టిఫికెట్టు పటము కట్టి స్వాగతగదిలో వ్రేలాడును. దాని క్రింది దీపము పట్టపగలు వెలుగుచుండును.

భవనములను పోల్చుకొనుటకు చదరపు మీటరునకు ఏటికి ఎన్ని యూనిట్లు అను కొలత మంచిది. కార్యాలయ భవనములకు బ్యూరోవారు 2009లో నక్షత్రము లిచ్చుట మొదలుపెట్టినపుడు ఈ కొలతనే తీసికొనిరి. ఎక్కువ భాగము ఏ.సి. ఉన్న కార్యాలయమైనచో, హైదరాబాదువంటి మిశ్రమ వాతావరణమున 90 యూనిట్లకు లోబడినదానికి, విశాఖపట్టణమువంటి ఉక్కపోత గల తీరమున 100కు లోబడినదానికి అయిదు నక్షత్రములు. మన కళాశాలలో తరగతి గదులకు ఏ.సి. లేదు గనుక మన అంకె దీనికి చాల తక్కువగా నుండవలెను. ఉన్నదో లేదో బి.కాం. విద్యార్థి యొకడు గది కొలతల టేపుతో, పన్నెండు బిల్లులతో ఒక ఆదివారమున తేల్చగలడు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. భారతీయుని తలసరి విద్యుత్తు వాడకము ప్రపంచపు సగటులో సగము కూడ లేదు. ఉన్నవారు చేసిన దుబారాకు లేనివారము మేమెందుకు పొదుపు చేయవలెనని. ఈ మాటలో న్యాయమున్నది. దీపము లేని యింటికి పొదుపు బోధించుట క్రౌర్యము. కాని మేము మాటాడుచున్నది దీపము లేని యింటిని గూర్చి కాదు, నూరు కిలోవాట్ల మేడలను గూర్చి. వేసవి మధ్యాహ్నమున అద్దాలమేడ లాగినంత విద్యుత్తును అందించుటకే క్రొత్త కేంద్రములు కట్టవలసివచ్చుచున్నది. ఆ వ్యయము తిరిగి తిరిగి అందరి చార్జీలలోనికి చేరుచున్నది. బొగ్గు ప్రధానముగా నున్న మన దేశపు విద్యుత్తులో యూనిటుకు సుమారు 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది. ఆ వేడిమి మొదట తగులునది ఏ.సి. లేనివానికి.

మరియొక ఆక్షేపణ పాతది, ఇంతకంటె గట్టిది. 1865లోనే జెవన్స్ అను ఆంగ్ల ఆర్థికవేత్త, ఆవిరి యంత్రము బొగ్గును పొదుపుగా వాడిన కొలది దేశమున బొగ్గు వాడకము పెరుగునే గాని తరుగదని వాదించినాడు. చవుకయైన దానిని మనుష్యుడు హెచ్చుగా వాడును. ఎల్.ఇ.డి. దీపము వచ్చిన తరువాత వివాహశాలల ముఖద్వారములు చూచినవారికి జెవన్స్ చెప్పినది తేలికగ అర్థమగును. చోకుతో కలిపి ఏబది వాట్లు దాటు ట్యూబులైటు స్థానమున ఇరువది వాట్లది పెట్టి, ఆపై మూడింతల దీపములు వ్రేలాడదీసిన మిగిలినది శూన్యము. కావున యంత్రము మార్చుట ఒక్కటియే చాలదనియు, లెక్క వ్రాయుట, ఆ లెక్కను నెలనెలా ఒకడు చూచుట దానితో కూడి రావలెననియు మా దృఢాభిప్రాయము. ప్రమాణము లుండుట ఇందుకే.

కట్టడముల విషయమున మనము క్రొత్తగా నేర్చుకొనవలసినదానికంటె మరచినది హెచ్చు. హైదరాబాదు పాత దేవిడీలలో నడుమ సహను, చుట్టు నీడ, గోడపైన రోషన్‌దాను, ఎండను జల్లెడపట్టు జాలీ ఉండెడివి. వేడిగాలి పైకి పోవును గనుక దానికి పైన త్రోవ చూపవలెనని ఆ మేస్త్రీలకు తెలియును. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనము లోనికి మే నెలలో అడుగిడినవారికి మందమైన రాతిగోడ, ఎత్తైన కప్పు చేయు ఉపకారము వేరుగా చెప్పనక్కరలేదు. హైటెక్ సిటీ సమీపమున భారత పరిశ్రమల సమాఖ్య కట్టించిన గ్రీన్ బిజినెస్ సెంటరును 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించిరి. అమెరికావారి లీడ్ పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయిని అందుకొన్న ఆ భవనములో నున్న విశేషము లేవనగా, నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలిగోపురములు, కప్పుమీద పచ్చిక. పాత దేవిడీ యజమాని దానిని చూచినచో తన యింటిని గుర్తుపట్టెడివాడు. దానికి కొన్ని మైళ్ళ దూరములో, అదే నగరమున, తెరువరాని అద్దములతో తూర్పు పడమరలకు ముఖముపెట్టి మేడలు లేచినవి. నియమావళి గోడలో అద్దపు భాగము 40 శాతము మించరాదనుచున్నది. అద్దము ఆధునికత యని ఎవరు చెప్పిరో గాని, అది చలిదేశమునకు ఎండను పిలుచు ఉపాయము. మనకు ఎండ పిలువకయే వచ్చును.

తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఎండను తిప్పికొట్టు తెల్లని పూతయో పెంకో వేయుట అందులోని ముఖ్యాంశము. మన పై అంతస్తు తరగతులలో మధ్యాహ్నము పాఠము చెప్పినవారికి ఆ విధానపు అవసరమును వివరింపబని లేదు. తెల్లసున్నము, దానికి తగిన బందకము కలిపిన పూత కూడ కొంత మేలు చేయును. అది ఏడాదికొక మారు చెదరును గనుక మరల వేయవలెను. ఈ వేసవి సెలవులలో ఒక్క పడమటి భాగమునకు వేసి, వేయనిదానితో ఉష్ణమాపకము పెట్టి పోల్చుటకు భౌతికశాస్త్ర శాఖవారు పూనుకొనిన మేము పట్టిక వ్రాసిపెట్టుదుము.

కమిటీ పెద్దలకు మేము చేయు మనవి పెద్దది కాదు. మన కళాశాలలో బి.యస్సీ. చదివి బయటికి పోవు పిల్లలలో ఎక్కువమంది వెంటనే ఉద్యోగము వెదకవలసినవారు. ఎనర్జీ ఆడిటరు పరీక్షకు వారికి నేరుగా అర్హత లేదు; ఆ ఆశ చూపి ఫీజు వసూలు చేయుట మోసమగును. కాని భవనములో కొలతలు తీయువాడు, బిల్లు విడదీసి పట్టిక వ్రాయువాడు, ఏ.సి. ఫిల్టరు కడుగు తేదీలు పాటింపించువాడు, కెపాసిటర్లు చూచువాడు ఇప్పుడు ప్రతి ఆసుపత్రికిని, ప్రతి పెద్ద దుకాణమునకును కావలెను. ఆడిటరు వెంట పనిచేయు ఆ సహాయకుని ఎవరును ప్రత్యేకముగా తయారుచేయుట లేదు. ఆరు నెలల సాయంకాలపు కోర్సు ఒకటి తెలుగులోను ఉర్దూలోను మన కళాశాల పెట్టవచ్చును. మన చుట్టుపట్ల బస్తీలలో ఏ.సి. మెకానిక్కులు, మోటారు చుట్టువారు, వైరింగు పనివారు ఎందరో కలరు. చేతిపనిలో వారు మనకు గురువులు. లెక్కలో మనము వారికి తోడ్పడగలము. వారిని విద్యార్థులుగా మాత్రమే కాక, వారానికొక రోజు బోధకులుగా కూడ పిలువవలెనని మా కోరిక. పట్టము లేనివాడు కళాశాలలో పాఠము చెప్పుటయా యని కొందరు కనుబొమలు ఎగురవేయుదురు. కాలిన మోటారును వాసన చూచి కారణము చెప్పగలవాడు మాకు తెలిసిన పలువురు పట్టభద్రులకంటె ఆ పాఠమునకు అర్హుడు.

పరిభాష కావలసియున్నది. ఆ పని మా తెలుగు శాఖయు, ఉర్దూ శాఖవారును కలిసి చేయగలము. వాటును వాటనియే, యూనిటును యూనిటనియే ఉంచుదుము. సంస్కృత సమాసములతో ఎలక్ట్రీషియనును భయపెట్టము. వాడు ఇప్పటికే వాడుచున్న మాటలను ఏరి, అర్థము నిశ్చయించి, రెండు లిపులలో ఒక చిన్న పుస్తకముగా అచ్చువేసిన చాలును. ముప్పది నలుబది పుటలకు మించదు.

చివరగా ఒక తొందర విషయము. ఈ సంవత్సరము కట్టదలచిన క్రొత్త బ్లాకు నమూనాను ఆఫీసు వరండాలో చూచితిమి. పడమటి ముఖమంతయు అద్దము. అంచనాలు ఖాయము కాకముందే ఆ పటమును గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటరునకు చూపింపుడు. ఆయన రుసుము ఆ అద్దము ఖరీదులో స్వల్పభాగము కూడ కాదు. పటముమీద కిటికీని జరుపుటకు రబ్బరు చాలును. గోడ లేచిన తరువాత సుత్తి కావలెను. అట్లే గడచిన ఇరువదినాలుగు నెలల బిల్లుల నకళ్ళను గ్రంథాలయమున ఒక ఫైలుగా నుంచునట్లు ఆఫీసువారిని ఆజ్ఞాపింపుడు. ద్వితీయ సంవత్సరపు బి.కాం. విద్యార్థులు నలుగురు ఆ లెక్క వేయుటకు ఇప్పటికే ముందుకు వచ్చియున్నారు.